బట్టలు ఉతికేది మీరేనా అమ్మా?

మొన్న మీరిద్దరూ నా ఫోనుకి పంపిన అడ్వర్టయిజుమెంటు చూశాను. ఒకాయన వాషింగ్ మెషీన్ బటన్ నొక్కుతాడు, ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. ‘అమ్మమ్మా, కాలం ఎంత మారిందో చూశావా!’ అని కింద రాశారు. చూశాను బంగారం. రెండుసార్లు చూశాను, మొదటిసారి కళ్లజోడు దొరకలేదు.

బటన్ నొక్కినందుకే చప్పట్లయితే మీ తాతకి బ్యాండు మేళంతో ఊరేగింపు చెయ్యాలి. అది చెయ్యకపోగా నేను చేసిన పని ఒకటుంది. మీరు పుణెలో, అంత దూరంలో, రేపోమాపో ఉద్యోగాల్లో చేరబోతున్నారు. అమ్మమ్మ ఉద్యోగం ఎలా ఊడిందో తెలిస్తే కాస్త పనికొస్తుందేమో వినండి.

నేను చేసిన పని గురించి మీ అమ్మ ఎవరికైనా చెప్పాల్సి వస్తే ‘రీసెర్చి’ అంటుంది. అంత లేదు. ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టే పని. సబ్బులూ పౌడర్లూ తయారుచేసే పెద్ద కంపెనీలు కొత్త సరుకు బజారులోకి వదిలే ముందు, పేరు లేని తెల్ల ప్యాకెట్లో పోసి మాలాంటి వాళ్ల చేతికిస్తాయి. మేం ఆ ప్యాకెట్ ఇంట్లో ఇచ్చి, వారం తర్వాత మళ్లీ వెళ్లి ‘ఎలా ఉందమ్మా?’ అని అడిగి ఫారం నింపాలి. మా ఆఫీసు నారాయణగూడలో ఒక సందులో, పుస్తకాల గోడౌను పైన ఉండేది. నాకిచ్చిన ఇళ్లు చిక్కడపల్లి, అశోక్‌నగర్. ఎప్పుడైనా తక్కువ పడితే నల్లకుంట దాకా నడిచేదాన్ని. ఇదంతా రెండువేల పదకొండులోనో, పన్నెండులోనో. నాకప్పటికే యాభై ఏడు. ఆఫీసులో మిగతా వాళ్లంతా పాతికేళ్ల ఆడపిల్లలు, నన్ను ఆంటీ అనేవాళ్లు. అది పోతే ఇంకెవరూ నాకు పనివ్వరని నాకు తెలుసు. అందుకని ఆ ఉద్యోగాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉండేదాన్ని.

గర్వం కూడా ఉండేది. దాచుకోవడమెందుకు? నా ఫారాల్లో ఒక్క గడి ఖాళీగా ఉండదని మేనేజరు అందరి ముందూ అనేవాడు. కొత్తగా చేరిన పిల్లలకి పాఠం నేనే చెప్పేదాన్ని. “మగవాళ్లు తలుపు తీస్తే చిన్నగా నవ్వి, ‘అమ్మగారున్నారా?’ అనాలి. వాళ్లతో మాటలు పెంచుకోవద్దు. మనకి పనికిరారు.”

అలా ఎందుకన్నానంటే, ఫారంలో మొదటి ప్రశ్నే అది. ‘ఈ ఇంట్లో బట్టలు ఉతికే గృహిణి మీరేనా?’ అవునంటే రెండో ప్రశ్నకి వెళ్లాలి. కాదంటే దండం పెట్టి మెట్లు దిగాలి. మగవాడికి ఆ ప్రశ్న వెయ్యడానికి వీలే లేదు. గృహిణి అన్న మాట వీధిలో ఎవరికి ఎక్కుతుంది? అందుకని నేను ‘బట్టలు ఉతికేది మీరేనా అమ్మా?’ అని అడిగేదాన్ని. జవాబు ప్రశ్నలోనే ఉండేది. ఎదుటి మనిషి తలూపితే చాలు.

ఒకసారి అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ పైకెక్కాను. గవర్నమెంటు పరీక్షలకి చదువుకునే పిల్లలు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. డాబా మీద పది బకెట్లు, పది పుస్తకాలు.

“ఏం సర్వే అవ్వా?” అన్నాడొకడు.

“బట్టలుతికే పౌడరుది నాయనా. ఆడవాళ్లుంటే పిలవండి.”

“ఆడోళ్లా? గీడ ఇరవై నాలుగు మందిమి ఉన్నం. ఎవలయి ఆళ్లమే ఉతుక్కుంటం. మమ్మల్నడుగు.”

“మగవాళ్లని అడగొద్దని రూలు.”

“గ్రూప్ టూల గూడ గింత కడక్ రూల్ లేదవ్వా!”

ఇంకొకడు బకెట్లోంచి జీన్సు ప్యాంటు పైకెత్తి చూపించాడు. నీళ్లు నల్లగా కారుతున్నాయి. “జూడు, మూడొద్దుల సంది నానుతున్నది. దీని సంగతి ఏ అమ్మ చెప్తది నీకు?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆఫీసుకెళ్లి ఆ చిరునామాకి ఎదురుగా ‘ఇంట్లో బట్టలు ఉతికేవారు లేరు’ అన్న గడిలో టిక్కు పెట్టాను. ఇరవై నాలుగు మంది బట్టలు ఉతుకుతున్న ఇంటికి. కింద సంతకం కూడా చేశాను, వంకర లేకుండా.

ఇక మా ఇంటి సంగతి. అప్పుడు మేం అశోక్‌నగర్‌లోనే రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మీ తాత ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని మానేసి ఇంట్లో ఉన్నాడు. నేను ఈ పనిలో చేరిన రెండో నెలలో ఒకరోజు, కాలర్లు సరిగా రుద్దడం లేదని నా మీద విసుక్కున్నాడు. అంత తెలిసినవాళ్లు మీరే రుద్దుకోండి అన్నాను. రుద్దుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో బట్టలు ఆయనవే. పాతికేళ్లు అచ్చుతప్పులు వెతికిన కళ్లు కదా, మరకని వదిలేవి కావు.

కానీ ఒక ఏర్పాటుండేది. ఎవరం నోరు తెరిచి చెప్పుకోలేదు, దానంతటదే జరిగిపోయింది. ఆయన మధ్యాహ్నం స్నానాలగది తలుపు మూసుకుని, చప్పుడు వినపడకుండా కొళాయి వదిలిపెట్టి ఉతికేవాడు. పిండిన బట్టల బకెట్ తెచ్చి మెట్ల దగ్గర పెట్టేవాడు. నేను నాలుగింటికి తిరిగొచ్చి, ఆ బకెట్ మోసుకుని డాబా మీదకెళ్లి ఆరేసేదాన్ని. డాబా చుట్టూ నాలుగిళ్ల వాళ్లకి కనపడుతుంది. లోపల పని ఆయనది, బయట పేరు నాది.

పక్క డాబా మీద ఒకావిడ ఉండేది, మిరపకాయలు ఎండబెట్టుకుంటూ. రోజూ అడిగేది. “అక్కా, గంత తిరిగొచ్చి గూడ గింత తెల్లగ ఎట్ల ఉతుకుతవ్?”

“ఏముందమ్మా, అలవాటు” అని నడుం మీద చెయ్యి వేసుకునేదాన్ని. నడుం నొప్పి మీ తాతది. చెయ్యి నాది.

ఇదంతా తెలిసిన మనిషిని కదా, ఇంకో ఇంట్లో అదే కనపడితే గుర్తుపట్టాలా లేదా?

చిక్కడపల్లిలో ఒక ఇంటి తలుపు కొడితే ఒకాయన తీశాడు. లుంగీ మోకాళ్ల పైకి మడిచి ఉంది. మోచేతికి నురగ. వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడి ఉన్నాయి. తర్వాత తెలిసింది, ఆయన సినిమా హాల్లో టికెట్లు ఇచ్చే కౌంటర్లో పనిచేస్తాడని. పొద్దున పదిన్నర దాకా ఇంట్లోనే ఉంటాడు. భార్య స్కూల్లో క్లర్కు, ఏడున్నరకే వెళ్లిపోతుంది.

“అమ్మగారున్నారా?” అన్నాను, నేర్పిన పాఠం ప్రకారం చిన్నగా నవ్వి.

“ఏం పనమ్మా?”

“బట్టలుతికే కొత్త పౌడరు వచ్చింది. వాడి చూసి చెప్పాలి.”

ఆయన ముఖం వెలిగిపోయింది. “ఔనా? రండి రండి. ఇప్పుడొచ్చేదాంట్ల సగం నురగే అమ్మా, పని తక్కువ...”

“అమ్మగారితోనే మాట్లాడాలండీ.”

వెలిగిన ముఖం అలాగే ఆరిపోయింది. మోచేతి నురగ లుంగీకి తుడుచుకుని, “శనివారం రండి, ఇంట్ల ఉంటది” అన్నాడు.

శనివారం వెళ్లాను. ఆవిడ కుర్చీ వేసింది. “బట్టలు ఉతికేది మీరేనా అమ్మా?” అన్నాను. ఆవిడ ఒక్కసారి వంటింటి వైపు చూసింది. “ఆఁ... నేనే” అంది. టిక్కు పెట్టి ప్యాకెట్ ఇచ్చి వచ్చాను.

వారం తర్వాత వెళ్తే నేనడిగిన ప్రతి ప్రశ్నకీ ఆవిడ తల గోక్కుంటోంది. జవాబులు మాత్రం వంటింటి తెర వెనక నుంచి వస్తున్నాయి.

“నురగ తొందరగ ఒస్తది, తొందరగ పోదు. రెండు బకెట్ల నీళ్లు ఎక్కువ పడ్తయి.”

“నురగ తొందరగా పోదంట” అని ఆవిడ నాకు చెప్పింది, నేను అది విననేలేదన్నట్టు.

“ముందుగాల గోరువెచ్చటి నీళ్లల్ల పౌడరు కలిపి, కరిగినంక బట్టలెయ్యాలె. బట్టల మీద పోస్తే రంగు మీద తెల్ల మచ్చలైతయి.”

నా ఆరేళ్ల సర్వేలో అంత మంచి జవాబులు ఎవరూ చెప్పలేదు. నాకు ఆశ పుట్టింది. పెన్ను పరుగెత్తుతోంది. ఇంతలో వీధిలో ఆటో ఒకటి హారన్ కొట్టింది, తెర వెనక మాట అందులో కలిసిపోయింది. నేనేమన్నానో తెలుసా? మెడ చాచి, “కొంచెం గట్టిగ చెప్పండి, వినపడ్తలేదు!” అన్నాను.

గట్టిగా చెప్పాడు. అంతా రాసుకున్నాను. పైన ఆవిడ పేరు, కింద నా సంతకం.

ఆ ఫారం చూసి మా మేనేజరు కుర్చీలోంచి లేచాడు. “ఆంటీ, గీమె హీరా, అసల్ వజ్రం! బొంబయి కెళ్లి కంపెనీ వాళ్లొస్తున్నరు, మీటింగుకు గీమెనే పిలుద్దాం.”

మీటింగంటే ఎనిమిది మంది ఆడవాళ్లని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం. గదిలో ఒక గోడకి పెద్ద అద్దం ఉంటుంది. మనకి మన ముఖమే కనిపిస్తుంది, అవతలి గదిలో కూర్చున్న కంపెనీ వాళ్లకి మాత్రం అది కిటికీ. మేనేజరు పిలుద్దామన్నప్పుడే వద్దని చెప్పడానికి నాకు అవకాశం దొరికింది. చెప్పలేదు. హీరాని పట్టుకొచ్చింది నేనే కదా అని ఆ రోజు మంచి గద్వాల చీర కట్టుకుని వెళ్లాను.

ఆవిడ వచ్చింది. భర్త బండి మీద దింపి, కింద పుస్తకాల గోడౌను ముందు ఆగిపోయాడు. నేను మూల కుర్చీలో కూర్చున్నాను. టీలు ఇవ్వడం నా పని.

మాట్లాడించే అమ్మాయి ముందు కొన్ని బొమ్మల కార్డులు చూపించింది. పౌడరు కోసం తియ్యబోయే అడ్వర్టయిజుమెంటు కథ. మొగుడు ఆఫీసుకి బయల్దేరతాడు, జేబు మీద సిరా మరక ఉంటుంది. పెళ్లాం తల పట్టుకుంటుంది. తర్వాత పౌడరొస్తుంది, పెళ్లాం నవ్వుతుంది.

నల్లకుంట నుంచి వచ్చిన ఒకావిడ కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. “మరక ఆయన షర్టుకైతే పరేషాన్ ఈమెకెందుకు?”

“సిరా ఈమె పోసి ఉంటది” అంది ఇంకొకావిడ. గది గొల్లుమంది. అద్దం వెనక నుంచి మాత్రం ఏ చప్పుడూ రాలేదు.

అప్పుడు ఒక టబ్బు, నీళ్లు, మరకపడ్డ చొక్కా, తెల్ల ప్యాకెట్ తెచ్చి మధ్యలో పెట్టారు. ఆ అమ్మాయి మా హీరా వైపు తిరిగింది. “మేడమ్, మీ పద్ధతి చాలా బాగా చెప్పారు. ఒకసారి ఉతికి చూపిస్తారా?”

నేను ఖాళీ కప్పులు ట్రేలోకి ఎత్తడం మొదలుపెట్టాను.

ఆవిడ లేచింది. కొంగు దోపుకుంది. ప్యాకెట్ చించి, ముగ్గు వేసినట్టు గుప్పెడు పౌడరు చొక్కా మీద చల్లింది. నా వైపు చూసింది. నేను ట్రే వైపు చూశాను. ఇంకో గుప్పెడు వేసి, నీళ్లు గుమ్మరించి, రెండు చేతులూ పెట్టి తిప్పింది. నురగ టబ్బు దాటి తివాచీ మీదకి వచ్చింది. పక్కావిడ చెప్పులు ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

“మేడమ్, ముందు నీళ్లలో కలపాలని మీరే చెప్పారు కదా?” అంది ఆ అమ్మాయి, మెల్లగా.

ఆవిడ నురగలోంచి చేతులు తీసింది. “నాకు తెల్వదమ్మా. మా ఆయనకు తెలుసు. కింద బండి మీద కూసున్నడు, పిలువుండ్రి.”

పిలిచారు. ఆయన పైకొచ్చి, ఎనిమిది మంది ఆడవాళ్లనీ టబ్బునీ చూసి, ముందు గుమ్మంలోనే ఆగాడు. కానీ ఆ నురగ చూశాక సిగ్గు నిలవలేదు. “ఎవలేసిండ్రు గింత పౌడరు? పాడు జేసిండ్రు గద షర్టు!” అని చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నాడు. నీళ్లు పారబోయించి, వేరే నీళ్లు తెప్పించి, కొలిచినట్టు పౌడరు కలిపి, మరకని రెండు వేళ్ల మధ్య పెట్టి రుద్దుతుంటే గదిలో అందరూ మెడలు చాచి చూశారు. మరక పోయింది. చొక్కా దులిపి పైకెత్తి, అద్దంలో తన ముఖం తనే చూసుకుని నవ్వాడు. అవతల ముగ్గురు కూర్చున్నారని పాపం ఆయనకి తెలియదు.

బయట వరండాలో మేనేజరు నన్ను పట్టుకున్నాడు. పక్కన బొంబాయి ఆయన, ఆ భార్యాభర్తలు.

“ఆంటీ, ఉతికేది ఈమె గాదని మీకు తెల్సా తెల్వదా? గది చెప్పండి.”

పిల్లలూ, ఇక్కడే మీ అమ్మమ్మని చూడండి. గద్వాల చీర, చేతిలో ట్రే, యాభై ఏడేళ్లు. ఉద్యోగం కళ్లముందు జారిపోతోంది. “తెలియదు సార్” అన్నాను. “ఆమే ఉతుకుతానని చెప్పింది.”

ఆవిడ ఇంకా తడిగా ఉన్న చేతులు కొంగుతో తుడుచుకుంటూ నన్ను చూసింది. అబద్ధాలమనిషి అన్న పేరు ఆవిడ నెత్తిన పెట్టి నేను పక్కకి జరిగాను.

భర్తకి మాత్రం నిజంగానే అర్థం కాలేదు. కోపంగా కూడా అనలేదు, గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. “అదేందమ్మా, నేను వంటింట్లకెల్లి చెప్తాంటే ‘కొంచెం గట్టిగ చెప్పండి, వినపడ్తలేదు’ అన్నది మీరే గదా? నేను గొంతు పెంచిన గదా?”

నేను ట్రేని కిటికీ గట్టు మీద పెట్టాను.

మేనేజరు మెల్లగా అడిగాడు. “గిట్లాంటి ఇండ్లు ఇంకెన్నున్నయి ఆంటీ, మీ ఫారాలల్ల?”

“ఫారాల్లో ఎన్నున్నాయో తెలియదు సార్. నేను అడగలేదు. బయట మాత్రం ఇంకొకటి తెలుసు.”

“ఏ ఇల్లు?”

“మా ఇల్లే.”

మొదట నవ్వింది ఆవిడే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వింది. క్షమించిందని నేననుకోను. నవ్వు ఆగలేదు, అంతే.

నేను తెచ్చిన ఫారాలన్నీ కొట్టేశారు. నా ఇళ్లన్నీ ఆ పాతికేళ్ల పిల్లలు ఎండలో మళ్లీ తిరిగారు, నేను చెప్పిన పాఠంతోనే. వాళ్లకి ఇప్పటికీ నా మీద కోపం ఉండే ఉంటుంది. వాళ్లు ఫోన్ చేసేదాకా నన్ను రావొద్దన్నారు. అయిదు నెలలకి చేశారు. వెళ్లి ఫారం చూస్తే మొదటి ప్రశ్న మళ్లీ అదే. ఈసారి నేను ‘ఇంట్లో బట్టలు ఎవరు ఉతుకుతారు?’ అని అడిగి, వచ్చిన జవాబు గడిలో పట్టకపోతే మార్జిన్లో రాశాను. కొడుకు, మామగారు, ఆదివారం మాత్రం ఇద్దరూ, అలా. మార్జిన్లు పాడుచేస్తోందని రెండు వారాలకే నన్ను పూర్తిగా మానిపించారు. అబద్ధం రాసినప్పుడు అయిదు నెలలు ఆపారు. నిజం రాస్తే మొత్తానికే ఆపారు. ఇందులో నీతి వెతక్కండి, నాకే దొరకలేదు.

ఆ పౌడరు తర్వాత బజారులోకి వచ్చింది. టీవీలో చూపించేది ఇస్త్రీ నలగని చీర కట్టుకుని ఉతికే పెళ్లాన్నే. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాను. ‘ముందుగా నీళ్లలో పౌడరు కలిపి, కరిగిన తర్వాత బట్టలు వేయండి.’ మాట చిక్కడపల్లి ఆయనది. పక్కన అచ్చేసిన చేతుల బొమ్మకి మాత్రం గాజులున్నాయి.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ మీటింగు రోజు సాయంత్రం గురించి. నాలుగింటికి ఇంటికొచ్చాను. స్నానాలగది తలుపు మూసి ఉంది, కొళాయి చప్పుడు వినిపిస్తోంది, ఆ రోజు రెండో వాయి ఇంకా ఉతుకుతున్నట్టున్నాడు. మెట్ల దగ్గర బకెట్. మీ తాతకి ఏమీ చెప్పలేదు. చీరయినా మార్చుకోకుండా బకెట్ ఎత్తుకుని డాబా ఎక్కాను. ఆయన తెల్ల బనీన్లు, నా జాకెట్లు, మీ అమ్మ వచ్చినప్పుడు వదిలేసి వెళ్లిన దుప్పటి ఒక్కొక్కటే దులిపి తీగ మీద వేస్తున్నాను.

పక్క డాబా ఆవిడ మిరపకాయలు ఎత్తుకుంటూ రోజూ అడిగేదే అడిగింది. “ఏమక్కా, ఇయ్యాల దుప్పటి మెరుస్తున్నది! ఏం పౌడరేసినవ్?”

చెయ్యి అలవాటుగా నడుం మీదకి వెళ్లింది. వెళ్లిన చెయ్యిని తీసేసుకున్నాను.

“ఆగమ్మా, అడిగి చెప్తా” అన్నాను.

“ఎవరినడుగుతవ్?”

పిట్టగోడ మీంచి కిందికి వంగాను. స్నానాలగది కిటికీ సరిగ్గా కిందే ఉంటుంది.

“ఏమండీ! ఆ దుప్పటికి ఏం పౌడరేశారో పక్కావిడ అడుగుతోంది!”

కొళాయి ఆగింది. పక్కావిడ చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత కిటికీలోంచి మీ తాత గొంతు వచ్చింది, బడిలో తప్పు చేసి దొరికిన పిల్లవాడి గొంతులా, వినీ వినపడనట్టు.

నేను ఇంకాస్త వంగాను.

“కొంచెం గట్టిగ చెప్పండి” అన్నాను, “వినపడ్తలేదు.”